ఆఖర్న బయటికొచ్చినవాడు

బాపయ్య ఇంటికి తాళం వేశాడు. లాగి చూశాడు. పదడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూశాడు. వీధి మలుపు దాకా వెళ్ళాక కాళ్ళు ముందుకు సాగక మూడోసారి తిరిగొచ్చి, తాళాన్ని గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు. ఎదురింటి అరుగు మీద కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తున్న అతని భార్య పిచ్చమ్మకి ఒళ్ళు మండింది. తనిక్కడ ఎదురుగానే ఉండగా ఆ తాళం లేచి ఎక్కడికి పారిపోతుందని అడిగింది. పక్కనున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. బాపయ్య నవ్వలేదు. ఇంకోసారి లాగి చూసి వెళ్ళాడు.

ఏడాదిన్నరగా ఇదే వరస. తన ఇల్లే కాదు, ఎవరింట్లో బీరువా తలుపు ఓరగా ఉన్నా ఆ మనిషికి కూర్చోబుద్ధి కాదు. మొన్నామధ్య సత్తెనపల్లిలో పెళ్ళికి బయల్దేరి, సగం దారిలో ఆటో దిగి, తాళం చూసుకుని రావడానికి వెనక్కి నడిచాడు. వచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది, పిచ్చమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. పిచ్చి పట్టిందన్నారు కొందరు. పిచ్చీ కాదు, పాడూ కాదు. అసలు సంగతి అతనొక్కడికే తెలుసు.

బాపయ్యకి యాభయ్యెనిమిదేళ్ళు. అందులో ముప్ఫయ్యేళ్ళు టిక్కీలు మోశాడు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి తొక్కి కూరిన గోనె బస్తా. తొమ్మిదో తరగతి దాకా చదివినా చదువు అచ్చిరాక హమాలీ ముఠాలో చేరాడు. నడుం దెబ్బతిన్నాక, నాలుగక్షరాలు వచ్చినవాడు కదా అని సొసైటీ వాళ్ళు తమ ఏసీ తాళాలు అతని చేతికిచ్చారు. మిర్చి నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీని మా వైపు అందరం ఏసీ అనే అంటాం. అందులో గదుల తాళాలు ఎవరి దగ్గరుంటే ఛార్జి వాళ్ళదన్నమాట. సెలవు పెడితే ఛార్జి ఇచ్చి వెళ్ళాలి, తిరిగొస్తే ఛార్జి తీసుకోవాలి. ఖాకీ చొక్కా వేసుకుని, నడుముకి తాళాల గుత్తి తగిలించుకుని ఆ మాట అంటున్నప్పుడు బాపయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

ముఠాలో ఉన్నన్నాళ్ళూ అతనికి జోడు ఆదాం. ఊరికి తూర్పున ఉన్న పేట మనిషి, బాపయ్య కంటే పదేళ్ళు చిన్న. టిక్కీ ఎత్తుకోవడం అందరికీ కనపడే కష్టం, దించడంలో ఉన్న కష్టం మోసినవాడికే తెలుస్తుంది. ఒక్కడే విదిలించి పడేస్తే కుట్లు తెగి కాయ నేలపాలవుతుంది, నడుం సంగతి సరేసరి. వెనకనించి ఒకడు వచ్చి బస్తాకి చెయ్యి ఆనించి “ఊఁ” అనాలి. అప్పుడు వంగాలి. వెనకున్నవాడు ఎవడో చూడటానికి కూడా వీలుండదు, ఆ గొంతుని నమ్మి వంగడమే. ఇరవయ్యేళ్ళు బాపయ్య వెనకున్న “ఊఁ” ఆదాంది.

ఏడాదిన్నర కిందట, శ్రావణమాసపు ముసురులో, ఒక పొద్దున ఏసీ మూడో గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి చల్లదనమంతా బయటికిపోయి, బయటి తడిగాలి లోపలికి దూరి, కాయ మీద నీళ్ళు కారాయి. అయిదారు రోజుల్లో బూజు పట్టింది. రైతులు ఊరుకుంటారా? గేటు తోసుకుని వచ్చేశారు. సొసైటీ సెక్రటరీ సంజీవరావు మధ్యలో నిలబడి, ఆ రాత్రి ఆ గదిలోంచి ఆఖర్న బయటికొచ్చిందెవరని అడిగాడు.

ఆఖర్న వచ్చింది బాపయ్యే. మర్నాడు సరుకు తియ్యాల్సిన గదికి తాళం వెయ్యరు, గొళ్ళెంతో సరి. ఆదాంతో సహా ముఠా అంతా వెళ్ళిపోయాక, లైటార్పి, తలుపు లాగి గొళ్ళెం పెట్టాడు. పెట్టాడా? పెట్టాననే అనుకుంటున్నాడు. కానీ అంతమంది మొహాలు ఎర్రగా తన వైపు తిరిగేసరికి, ఆ చేతికి ఆ గొళ్ళెం తగిలిందో లేదో గుర్తు రాలేదు. నోరు దానంతటదే ఒక మాట అంది.

“ఆదామండీ.”

అంతే. ఒకే ఒక్క మాట. నిజమా, నువ్వు చూశావా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. పేట మనిషి పేరు చెబితే మళ్ళీ అడిగే అలవాటు మా ఊళ్ళో లేదు, సిగ్గుపడాల్సిన సంగతే గానీ నిజం. ఆదాం అక్కడే ఉన్నాడు. బాపయ్య వైపు చూశాడు. నోరు విప్పి కాదనలేదు, అన్నా వినేవాళ్ళు లేరని వాడికి తెలుసు. తలగుడ్డ దులుపుకుని, టిక్కీలు లాగే కొక్కెం భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ముఠా వాళ్ళు వాణ్ణి తీసేశారు. వాడు సత్తెనపల్లి అవతల పత్తి మిల్లులో పనికి చేరాడు. వాడి తల్లి కరుణమ్మ ఒక రోజు బాపయ్య ఇంటి ముందుకొచ్చి, మా వాడి ఉసురు పోసుకున్నావని పొద్దుగూకేదాకా దుమ్మెత్తి పోసింది. బాపయ్య లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాడు.

అయినా తను బయటపడ్డాడా అంటే, అదీ లేదు. తాళాలు అతని పేరు మీదున్నాయి కనక సొసైటీ అతనికే ఛార్జిమెమో ఇచ్చింది. తాళాల గుత్తి తీసుకుని, విచారణ తేలేదాకా గేటు దగ్గర స్టూలు మీద కూర్చోమన్నారు. ఇంజనీరు వచ్చి చూసి వెళ్ళాడు. ఆఫీసరు వచ్చి రాసుకుని వెళ్ళాడు. మళ్ళీ పిలిచారు, మళ్ళీ వాయిదా. ఆ స్టూలు మీద కూర్చుని లోపలికీ బయటికీ పోయే తలుపులు చూస్తూ చూస్తూ, తలుపులంటేనే భయం పట్టుకుంది అతనికి.

మాఘమాసంలో ఒక శుక్రవారం రిజిస్టరు పోస్టులో కవరొచ్చింది. ఒకటే కాగితం, ఇంగ్లీషు. బాపయ్య ఏసీ వెనక్కి వెళ్ళి, గోడకానుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. పేరు తెలిసింది. తారీకు తెలిసింది. పైన పేరాలన్నీ చిట్టడవి. కింద, సంతకానికి పైన, ఒక్క వాక్యం విడిగా ఉంది. యు ఆర్ హియర్‌బై ఎగ్జానరేటెడ్ ఆఫ్ ది ఛార్జ్.

ఛార్జ్ అన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగాడు. దాని ముందున్న పొడుగాటి మాట ముందెప్పుడూ చూళ్ళేదు. కానీ మొదటి రెండక్షరాలు ఎరిగినవే. ఏసీలో ప్రతి గది గుమ్మం పైనా ఎర్ర బల్ల మీద ఆ రెండక్షరాలతోనే మొదలై ఎగ్జిట్ అని రాసి ఉంటుంది, బయటికి పొమ్మని. ఇంకేముంది? ఛార్జి నించి బయటికి పొమ్మన్నారు. పని పోయింది.

నవ్వొస్తుంది గానీ, ఆ స్టూలు మీద కూర్చుని చూస్తే మనకైనా అలాగే తోచేది. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఆ మాట కోసమే కదా. ఎవరికన్నా చూపిస్తే రెండు నిమిషాల పని. పిచ్చమ్మకి చదువు రాదు, అతని చేతిలోది నొక్కుడు ఫోను. సంజీవరావుని అడగొచ్చు, కానీ పని పోయిందన్న మాట ఆ నోటితోనే వినాలా? కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో దాచాడు.

ఆ రెండ్రోజులూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అన్నం ముందు కూర్చుని లేచాడు. కళ్ళాల వైపు వెళ్ళి, ఆరబోసిన ఎర్రటి కాయ మధ్య తుమ్ముతూ నిలబడి, ఎందుకొచ్చాడో తెలీక తిరిగొచ్చాడు. ఖాకీ చొక్కా సొసైటీకి తిరిగిచ్చేయాలి కదా అని తనే ఉతికి, ఇస్త్రీ చేయించి తెచ్చాడు. తలుపు తాళం ఎన్నిసార్లు లాగాడో లెక్కే లేదు. ఇన్ని చేస్తున్నా లోపల ఒక మూల, పోనీలే, ఇలా జరగాల్సిందే అని ఎవరో అంటున్నట్టుండేది. ఆ గొంతంటే అతనికి అన్నిటికన్నా భయం వేసింది.

ఆదివారం మధ్యాహ్నానికి ఇక ఆగలేక గురునాథం మాస్టారి ఇంటికి వెళ్ళాడు. తొమ్మిదో తరగతిలో బాపయ్యకి ఇంగ్లీషు చెప్పిన మాస్టారే ఆయన. రిటైరై ఇరవయ్యేళ్ళు దాటింది. ఏ మాట దొరికినా దాని వేళ్ళ దాకా తవ్విగానీ వదలడని జనం ఆయన అరుగు దగ్గర అడుగులు వేగం చేస్తారు. ఆ రోజు బాపయ్య తనంతట తనే వచ్చి కూర్చునేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పని ఉంచమని బతిమాలుతూ ఇంగ్లీషులో ఒక అర్జీ రాసిపెట్టమన్నాడు బాపయ్య. ఏది, ఆ ఉత్తరం తెమ్మన్నారు మాస్టారు. చదివి కళ్ళజోడు తీసి అతని వంక చూశారు.

“ఒరేయ్, ఇది పట్టుకుని రెండ్రోజులు ఏడ్చావా? నీ తప్పేం లేదని రాశార్రా ఇందులో.”

బాపయ్య నమ్మలేదు. ఛార్జి తీసేశారు కదండీ అన్నాడు. ఇది ఆ ఛార్జి కాదు, నీ మీద మోపిన నేరం అన్నారు మాస్టారు. పైన పేరాలన్నీ చదివి వినిపించారు. మూడో గది గొళ్ళెం లోపలి స్ప్రింగు అరిగిపోయిందట. తలుపు వేసి గొళ్ళెం పెట్టినా, లోపలి గాలి తోపుకి దానంతటదే ఊడుతుందట. ఇంజనీరు పదిసార్లు వేసి చూస్తే నాలుగుసార్లు ఊడిందట. అంటే ఆ రాత్రి బాపయ్య గొళ్ళెం పెట్టే ఉంటాడు. చెయ్యి చేసిన పని చేసింది.

బాపయ్య ఊపిరి పీల్చుకునే లోపే మాస్టారు వేళ్ళు తవ్వడం మొదలెట్టారు. ఓనస్ అంటే లాటిన్‌లో బరువు. ఎక్స్ అంటే బయటికి, అవతలికి. నువ్వు చూసిన ఎగ్జిట్‌లో ఉన్నదీ అదే, సగం దాకా నీ ఊహ కరెక్టే అన్నారు. పూర్వం రోము వాళ్ళు బండి మీది సరుకు దించినా, ఓడలో సరుకు దించినా ఈ మాటే అనేవారు. ఇంగ్లీషులోకొచ్చిన కొత్తల్లో నది పోయి సముద్రంలో తన నీళ్ళు దించుకుంది అని కూడా రాశారట. రానురాను ఓడలూ నదులూ పోయి, మనిషి మీది నింద దించడానికి మాత్రం ఆ మాట మిగిలింది. ఇక ఛార్జ్ అంటావా, అది బండి అన్న మాటలోంచి పుట్టింది, బండికి సరుకెత్తడం. రాసిన గుమాస్తాకి తెలీదు గానీ ఎత్తుడూ దించుడూ రెండూ ఒక్క వాక్యంలో పెట్టాడని మాస్టారు తొడ చరుచుకున్నారు.

“నువ్వు జీవితమంతా చేసిన పనేరా ఆ మాట. నీ వీపు మీద టిక్కీ దించేశారు. పోయి పండగ చేసుకో.”

బాపయ్య లేవలేదు. కాగితం వంకే చూస్తూ మెల్లిగా అడిగాడు.

“దించి ఎక్కడ పెట్టారండీ?”

మాస్టారికి అర్థం కాలేదు. బాపయ్యే చెప్పాడు. టిక్కీ దించితే అది గాల్లో కలిసిపోదు కదండీ, నేల మీదో కాటా మీదో పెట్టాలి, లేకపోతే ఇంకోడి వీపుకెత్తాలి. ఎక్కడ పెడతారో రాసుందా మీ లాటిన్‌లో అని అడిగాడు. మాస్టారు నిఘంటువుల్లో అంత దూరం రాయలేదని నిజాయితీగా ఒప్పుకున్నారు.

అప్పుడు చెప్పాడు బాపయ్య. ఏడాదిన్నరగా పెళ్ళానికి కూడా చెప్పని మాట. ఆఖర్న బయటికొచ్చింది తనేనని. మాస్టారి మొహం వాడిపోయింది. ఊరంతటితో పాటు ఆయనా ఆదామే అనుకున్నారు మరి. కాగితం చేతికొచ్చింది, ఇప్పుడు నోరు విప్పితే విచారణలో అబద్ధం చెప్పావని మళ్ళీ తాళాలు లాక్కుంటారు, ఊరుకోరా అన్నారు. మంచికోరే అన్నారు. బాపయ్య సరేనని దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఊరుకుందామనే అనుకున్నాడు. ఇంటికెళ్ళి పిచ్చమ్మకి సంగతి చెబితే ఆవిడ ఏడ్చి, నవ్వి, పాయసం కాచింది. వీధి వీధంతా వచ్చి పలకరించింది. సోమవారం పొద్దున్నే సంజీవరావు తాళాల గుత్తి చేతిలో పెట్టి, ఆ ఆదాం గాడు చేసిన పనికి నువ్వు మాటపడ్డావయ్యా అన్నాడు. గొళ్ళెం ఊడిందని కాగితంలో అంత స్పష్టంగా ఉన్నా సరే. ఒకసారి నోటికెక్కిన పేరు అంత తేలిగ్గా దిగుతుందా? బాపయ్య గుత్తి నడుముకి తగిలించుకున్నాడు. మూడో గదికి వెళ్ళి కొత్త గొళ్ళెం వేశాడు, తీశాడు, వేశాడు. ఆగలేకపోయాడు. పదకొండోసారి వేసి, గుత్తి తీసుకెళ్ళి సంజీవరావు బల్ల మీద పెట్టి, ఈ పూటకి ఛార్జి మీరుంచుకోండి, రేపు మీరివ్వాలో వద్దో మీరే చూసుకోండి అని చెప్పి సత్తెనపల్లి బస్సెక్కాడు.

పత్తి మిల్లు ఆవరణలో గాలి నిండా దూదిపోగులు. లారీ పక్కన ఆదాం పత్తి కుక్కిన మనిషంత బోరెం వీపు మీద వేసుకుని నడుస్తున్నాడు. కనుబొమల మీదా మీసాల మీదా తెల్లగా దూది పట్టి, ముసలివాడైపోయినట్టున్నాడు. బాపయ్యని చూసి ఆగలేదు. బోరెం లోపల వేసి, మళ్ళీ వచ్చి, ఏం కావాలన్నట్టు నిలబడ్డాడు. బాపయ్య జేబులోంచి కాగితం తీసి, గొళ్ళెం సంగతీ స్ప్రింగు సంగతీ గబగబా అప్పజెప్పాడు. ఎవరి తప్పూ లేదంట్రా అన్నాడు.

“అందులో నా పేరుందా?” అన్నాడు ఆదాం.

లేదన్నాడు బాపయ్య. విచారణ ఉద్యోగులకే గానీ హమాలీలకి ఉండదు. ఆదాం మీద ఏ కాగితమూ పుట్టలేదు కనక, కొట్టెయ్యడానికీ ఏ కాగితమూ లేదు.

“మరి నాకెందుకు చూపిస్తన్నావ్?”

బాపయ్య బస్సులో ఎన్ని వాక్యాలో అల్లుకున్నాడు, ఒక్కటీ అక్కరకి రాలేదు. పక్కన నలుగురు కూలీలు పని ఆపి చూస్తున్నారు. వాళ్ళ వైపు తిరిగి, ఏసీలో తలుపు మాట ఆదాం మీదకి నెట్టింది తనేననీ, అది పచ్చి అబద్ధమనీ, ఆ రాత్రి ఆఖర్న బయటికొచ్చింది తనేననీ చెప్పాడు. కూలీలకి ఆ కథ తెలీనే తెలీదు. ఒకరి మొహాలొకరు చూసుకుని పనిలోకి పోయారు.

ఆదాం కూలీల వైపు చెయ్యి చూపించి, “వీళ్ళకి చెప్తే నాకేం వచ్చింది? వీళ్ళు నన్నేమీ అనలేదే. మా అమ్మ ఏడాదిన్నరగా జనం మాటలకి వీధి కుళాయి కాడికి పోవట్లా. ఆవిడ ముందు చెప్పగలవా?” అన్నాడు.

పోదాం పదమన్నాడు బాపయ్య. ఆదాం మేస్త్రికి చెప్పి, దూది దులుపుకుని వచ్చాడు. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. పొలాల్లో మిరప కోతలవుతున్నాయి, కిటికీలోంచి వచ్చే ఘాటుకి ఇద్దరికీ కళ్ళు నీళ్ళు కారాయి.

వాళ్ళు పేటలోకి వచ్చేసరికి ఇంకా పొద్దుంది. కరుణమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కొడుకు వెనక బాపయ్యని చూసి చేట పక్కన పెట్టింది. పొమ్మనలేదు, కూర్చోమనలేదు. ఇటు తడికె అవతల ఇద్దరు, అటు కుళాయి దగ్గర నలుగురైదుగురు బిందెలతో ఆడవాళ్ళు. బాపయ్య వాళ్ళకి వీపు తిప్పుకుని, మంచం దగ్గరకి వంగి, నెమ్మదిగా, ఆవిడకొక్కదానికే వినపడేట్టు చెప్పాడు. తప్పయిపోయిందమ్మా అన్నాడు.

కరుణమ్మ అంతా విన్నది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని మొహం కేసి చూసింది.

“నాకు తెలిసిందే కదయ్యా నాకు చెప్పావు. నా కొడుకు దొంగమాట చెప్పడని నాకు తెలవదా? ఆ పొద్దు అంతమందిలో అన్నావు గదా, ఆ గొంతేదీ? ఆ కుళాయి కాడోళ్ళకి వినపడేట్టు చెప్పు.”

బాపయ్య నిటారుగా లేచి కుళాయి వైపు తిరిగాడు. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా ఎవరూ తీయడం లేదు. ఈ మాట ఇక్కడ అంటే పొద్దుగూకే లోపు సంజీవరావు చెవిన పడుతుంది. తాళాలు పోతాయి, ఈసారి స్టూలు కూడా మిగలదు. పిచ్చమ్మ కాచిన పాయసం ఇంకా గిన్నెలోనే ఉంది. నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు.

వెనకనించి ఒక అరచెయ్యి వచ్చి వీపుకి ఆనింది.

“ఊఁ,” అన్నాడు ఆదాం.

“ఆఖర్న బయటికొచ్చింది నేను,” అని బాపయ్య పేటంతా వినపడేట్టు అరిచాడు. “ఆదాం కాదు. నేను.”